చేతికి అంటించుకునే షుగర్ సెన్సర్: చాలాకాలం వాడాక

నాకు టైప్ 2 షుగర్. మాత్రలతోనే నడుస్తోంది, ఇన్సులిన్ దాకా పోలేదు. జబ్బ వెనక అంటించుకుంటే 14 రోజులు పనిచేసే ఈ సెన్సర్‌ని మధ్యమధ్యలో ఆపుతూ చాలాకాలంగా వాడుతున్నాను. వేలికి గుచ్చుకునే మెషీన్ ఆ క్షణంలో ఎంతుందో చెప్పి ఊరుకుంటుంది. ఇది రోజంతా గీత గీసి చూపిస్తుంది. మనం డబ్బులు పెట్టేది ఆ గీతకే.

మా తమ్ముడికి షుగర్ లేదు, సరదాకి వాడూ ఒకటి పెట్టుకున్నాడు. ఒకే పూట ఇద్దరం నాలుగేసి ఇడ్లీలు తిన్నాం. వాడి గీత 130 దాకా వెళ్లి గంటన్నరలో 90ల్లోకి దిగిపోయింది. నాది 210కి ఎక్కి, మధ్యాహ్నం భోజనం వేళకి గానీ దిగలేదు. షుగర్ పెరగ్గానే క్లోమం ఇన్సులిన్ వదలాలి, కండరాలు, కొవ్వు కణాలు గ్లూకోజ్‌ని లోపలికి తీసుకోవాలి, షుగర్ తగ్గేకొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గాలి. ఈ ఫీడ్‌బ్యాక్ వాడి ఒంట్లో చకచకా నడుస్తోంది. నా ఒంట్లోనూ ఉంది గానీ, ఇన్సులిన్ మాట కణాలు సరిగా వినడం లేదు.

తెల్లవారుజామున ఇంకో వింత. ఏమీ తినకుండానే 105 నుంచి 140కి ఎక్కుతుంది. రాత్రి తిన్నది అరగలేదని మా ఆవిడ తీర్మానం! నిజానికి ఆ వేళకి కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ అనే హార్మోన్లు పెరుగుతాయి, కాలేయం గ్లూకోజ్‌ని రక్తంలోకి వదులుతుంది. ఇది అందరికీ జరిగేదే. ఇన్సులిన్ బాగా పనిచేసే ఒంట్లో అక్కడికక్కడే సర్దుకుంటుంది, గీతలో పెద్దగా కనపడదు. నేను వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా అదుపులో పెట్టేది ఈ కాలేయాన్నే.

ఇక విసిగించేవి. ఇది కొలిచేది రక్తంలో షుగర్‌ని కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోది. అందుకే కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. తిన్న వెంటనే వేలి రీడింగ్‌తో పోలిస్తే తేడా రాక తప్పదు. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే అర్ధరాత్రి షుగర్ 56కి పడిపోయిందంటూ అలారం కొట్టింది, వేలు గుచ్చి చూస్తే 108. ఎండాకాలం చెమటకి అంచులు లేచిపోతాయి, పైన ప్లాస్టర్ వేయాల్సిందే. ఒకటి మధ్యలోనే చచ్చిపోతే, కంపెనీవాళ్లు ఫొటోల మీద ఫొటోలు అడిగాక గానీ కొత్తది పంపలేదు.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లకి మాత్రం ఇవన్నీ భరించి కొనుక్కోమనే చెబుతాను. మామూలుగా షుగర్ పడిపోతుంటే క్లోమం ఇన్సులిన్ ఆపేసి గ్లూకాగాన్ అనే ఇంకో హార్మోన్ వదులుతుంది, దాంతో కాలేయం గ్లూకోజ్ అందిస్తుంది. సూదితో లోపలికి పోయిన ఇన్సులిన్‌ని ఆపే దారి ఒంటికి లేదు. అక్కడ ఆ అలారమే దిక్కు. నాలా మాత్రల మీద ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి, మందు మార్చినప్పుడో తిండి మార్చినప్పుడో పెట్టుకుంటే చాలు. షుగర్ లేనివాళ్లకి దండగ. మా తమ్ముడు బంగినపల్లి మామిడిపండు తిన్నాక 145 చూసి టెన్షన్ పడ్డాడు. గంట తిరక్కుండానే దానంతటదే దిగిపోయింది, అయినా ఆ వేసవంతా పండు ముట్టలేదు.