పేరాక్ దారి మేలా, జొహోర్ దారి మేలా?

ఇంగ్లీషువాళ్లు గుమ్మంలోకి వచ్చేశారు. వెళ్లగొట్టే బలం లేదు. సుల్తాను ఏం చేయాలి? 19వ శతాబ్దపు మలయాలో (నేటి మలేసియా ద్వీపకల్పం) ఈ ప్రశ్నకు రెండు రాజ్యాలు రెండు రకాలుగా జవాబిచ్చాయి. పేరాక్ వాళ్లను లోపలికి పిలిచింది. జొహోర్ మాత్రం వాళ్ల పద్ధతులు తానే నేర్చుకుని, వాళ్లను వాకిట్లోనే ఆపింది. నా మొగ్గు జొహోర్ వైపే, కొన్ని సందేహాలతో.

ముందు పేరాక్ సంగతి. లారుత్ తగరపు గనుల కోసం ఘీ హిన్, హై సాన్ అనే చైనా ముఠాలు కొట్టుకుంటున్నాయి. గద్దె కోసం రాజా అబ్దుల్లాకూ ఇస్మాయిల్‌కూ పోటీ. రాజచిహ్నాలేమో ఇస్మాయిల్ దగ్గరున్నాయి. అబ్దుల్లా సింగపూర్‌లోని బ్రిటిష్ గవర్నరు సాయం కోరాడు. 1874 జనవరి 20న పాంగ్కోర్ ఒప్పందం కుదిరింది. అబ్దుల్లాకు పట్టం దక్కింది, బదులుగా రాజ్యంలోకి ఒక రెసిడెంట్, అంటే బ్రిటిష్ ప్రతినిధి, వచ్చాడు. హైదరాబాద్ కోఠీలోని రెసిడెన్సీ భవనం చూసినవారికి ఈ పదవి కొత్త కాదు. మలయ్‌ల మతం, ఆచారం తప్ప మిగతా అన్ని విషయాల్లో సుల్తాను అతని సలహా అడగాలి, అడిగి పాటించాలి. పాటించి తీరవలసినదాన్ని సలహా అనడంలోనే ఉంది కిటుకంతా.

మొదటి రెసిడెంట్ బర్చ్‌కు ఓపిక తక్కువ. స్థానిక నాయకుల బతుకుతెరువైన పన్నుల వసూలు మీద చేయి వేశాడు. 1875 నవంబర్ 2న పాసిర్ సలాక్‌లో కొత్త పాలన ప్రకటనలు అంటించమని దుభాషీని పంపి, తాను నది ఒడ్డున స్నానాల గదిలోకి వెళ్లాడు. బయట కాగితాలు చింపేశారు. లోపలికి ఈటెలు దూసుకొచ్చాయి. బర్చ్ హత్యకు స్థానిక నాయకుడు మహారాజా లేలాను 1877లో ఉరి తీశారు. ఒప్పందం మీద సంతకం పెట్టిన అబ్దుల్లాను సేషెల్స్ దీవులకు పంపేశారు. ఏకులా వచ్చినవాళ్లు మేకులా దిగబడడానికి మూడేళ్లు సరిపోయాయి.

ఇస్మాయిల్‌ను మాత్రం జొహోర్‌కు ప్రవాసం పంపారు. అక్కడి పాలకుడు అబూబకర్ సింగపూర్‌లో మిషనరీల దగ్గర చదువుకున్నవాడు, ఇంగ్లీషులో మాట్లాడగలవాడు. పాత సుల్తానుల వంశం కాకపోయినా, 1885 ఒప్పందంతో తనను సుల్తానుగా గుర్తింపజేసుకున్నాడు. విదేశీ వ్యవహారాలు మాత్రం బ్రిటన్‌కు వదిలేశాడు.

ఆ గుర్తింపు విలువ లండన్ కోర్టులో తేలింది. ఆల్బర్ట్ బేకర్ అనే పేరుతో తిరుగుతూ తనను పెళ్లాడతానని మాట తప్పాడని ఒక ఆంగ్ల యువతి అబూబకర్ మీద దావా వేసింది. ఆయన స్వతంత్ర ప్రభువేనని వలస వ్యవహారాల శాఖ లేఖ ఇచ్చింది. ప్రభువును విచారించే అధికారం తమకు లేదని 1894లో కోర్టు దావా కొట్టేసింది. ఆమెకు జరిగింది న్యాయమని నేననను. కానీ పేరాక్ సుల్తాను దేశం దాటించబడితే, జొహోర్ సుల్తాను వాళ్ల చట్టాన్నే అడ్డం పెట్టుకుని బయటపడ్డాడు.

1895 ఏప్రిల్ 14న అబూబకర్ లిఖిత రాజ్యాంగం తెచ్చాడు. రాజ్యాన్ని పరాయి శక్తికి అప్పగించరాదన్నది అందులో గట్టి షరతు. రెండు నెలలు తిరగకముందే ఆయన లండన్‌లో చనిపోయాడు. కొడుకు ఇబ్రహీం 1910లో బ్రిటిష్ సలహాదారుణ్ణి ఒప్పుకున్నాడు, 1914లో ఆ సలహాకూ పాటించి తీరాలన్న మెలిక పడింది. అంటే అబూబకర్ తెలివి కొనిచ్చింది నలభై ఏళ్ల గడువు మాత్రమే.

పేరాక్ ఖాతాలోనూ కొంత జమ ఉంది. తర్వాత వచ్చిన ‘హ్యూ లో’ అనే రెసిడెంట్ మలయ్ నాయకులనూ చైనా పెద్దలనూ కలిపి రాజ్య మండలి నడిపాడు, అప్పులు తీర్చాడు. బాగాన్ దాతో కొబ్బరి తోటలకు మన తెలుగు కూలీలు చేరింది కూడా రెసిడెంట్ల హయాంలోనే. ఇక ‘మతం, ఆచారం తప్ప’ అన్న ఆ చిన్న మినహాయింపు చాలా గట్టిది. నేటి మలేసియాలోనూ సుల్తానులున్న రాష్ట్రాల్లో ఇస్లాంకు పెద్ద సుల్తానే, షరియా కోర్టులు రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి.

అయినా నన్ను జొహోర్ వైపు లాగేది 1945–46 నాటి ఘటన. మలయ్ రాజ్యాలన్నిటినీ బ్రిటిష్ పాలన కింద ఒకటిగా కలిపే ‘మలయన్ యూనియన్’ కోసం సుల్తానులందరి హక్కులు రాయించుకోవడానికి బ్రిటిష్ ప్రతినిధి మాక్‌మైకేల్ వచ్చినప్పుడు మొదట సంతకం పెట్టింది జొహోర్ సుల్తాను ఇబ్రహీమే. 1946 ఫిబ్రవరిలో జొహోర్ బారు మసీదు దగ్గర జనం సుల్తానుకు వ్యతిరేకంగా నినాదాలు చేశారు. వాళ్ల వాదనకు ఆధారం ఆయన తండ్రి రాయించిన 1895 రాజ్యాంగమే. పేరాక్ సుల్తానూ సంతకం పెట్టాడు, అక్కడి ప్రజలకు ఎత్తి చూపడానికి అలాంటి కాగితం లేదు.