డీఎల్‌ఓక్యూ ప్రశ్నావళి: నేర్చుకునే వాతావరణాన్ని పట్టుకుంటుంది, పనితీరు దగ్గర బోల్తా పడుతుంది

సంస్థలో జనం నిజంగా నేర్చుకుంటున్నారా, ఆ నేర్చుకోవడం పనితీరులో కనిపిస్తోందా అని తేల్చడానికి పరిశోధకులు, హెచ్‌ఆర్ విభాగాలు తరచూ వాడే ప్రశ్నావళి డీఎల్‌ఓక్యూ (డైమెన్షన్స్ ఆఫ్ ద లెర్నింగ్ ఆర్గనైజేషన్ క్వశ్చనేర్). కారెన్ వాట్కిన్స్, విక్టోరియా మార్సిక్ 1990ల్లో తయారుచేశారు. వ్యక్తి, టీమ్, సంస్థ అనే మూడు స్థాయిల్లో ఏడు అంశాల మీద 43 ప్రశ్నలు, ఆపైన పనితీరు మీద 12. ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా మార్కులు. నట్టనడుమ అంకె లేదు కాబట్టి గోడమీద పిల్లివాటంగా జవాబివ్వడం కుదరదు.

ఈ ప్రశ్నావళిలో మొదటి 43 ప్రశ్నలు బాగానే ఉన్నాయి. ఎన్ని గంటల ట్రైనింగ్ ఇచ్చారని ఇది అడగదు, రోజూ ఏం జరుగుతోందో అడుగుతుంది. తప్పులను పైకి చెప్పుకుని చర్చిస్తారా అన్నదే మొదటి ప్రశ్న. కోర్సులన్నీ పూర్తయినట్టు రికార్డు ఉండి, ఈ ప్రశ్నకు 2 వచ్చిందంటే ట్రైనింగ్ బడ్జెట్ ఎటు పోతోందో వేరే చెప్పనక్కర్లేదు.

చిక్కంతా పనితీరు మీద ఉన్న ఆ 12 ప్రశ్నల దగ్గరే. మార్కెట్ వాటా, పెట్టుబడి మీద రాబడి గత ఏడాది కంటే పెరిగాయా అని అడుగుతుంది. మెషీన్ నడిపే మనిషికి ఆ లెక్కలెలా తెలుస్తాయి? తెలియక 3 అనో 4 అనో పెట్టేస్తాడు. ‘తెలియదు’ అనే గడి మనమే చేర్చుకోవాలి. దీనికంటే పెద్ద లోపం ఇంకోటుంది: రెండు భాగాలూ ఒకే మనిషి, ఒకే విడతలో నింపుతాడు. సంస్థ మీద ఇష్టం ఉన్నవాడు రెండుచోట్లా ఎక్కువ వేస్తాడు, కోపంగా ఉన్నవాడు రెండుచోట్లా తగ్గిస్తాడు. దాంతో నేర్చుకోవడానికీ ఫలితాలకూ ఉన్నదానికంటే గట్టి సంబంధం కాగితం మీద తేలుతుంది. పైగా లాభాల్లో ఉన్న కంపెనీయే నేర్పడానికి డబ్బు తీస్తుంది. ఏది కారణమో, ఏది ఫలితమో ఒక్కసారి చేసిన సర్వే చెప్పలేదు.

కాబట్టి పనితీరు అంకెలను ఫారంలోంచి కాకుండా రికార్డుల్లోంచి తీసుకోవాలి. మళ్లీ చేయాల్సి వచ్చిన పని శాతం, ఫిర్యాదు తీరడానికి పట్టిన రోజులు, ఉద్యోగం మానేసినవాళ్ల సంఖ్య చాలు. వాటిని కూడా సర్వే జరిగిన నెలవి కాకుండా ఆరు నెలల తర్వాతివి, టీమ్‌ల వారీగా చూడాలి.

సగటును గుడ్డిగా నమ్మకూడదు. సగం మంది 2, సగం మంది 5 వేసిన టీమ్‌కూ 3.5 వస్తుంది, సగం మంది 3, సగం మంది 4 వేసిన టీమ్‌కూ అంతే. మొదటి టీమ్‌లో రెండు వర్గాలున్నాయని ఆ అంకె చెప్పదు. అందుకే ముందు టీమ్‌లో జవాబులు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే ఏకాభిప్రాయ సూచిక ఆర్‌డబ్ల్యూజీ (అందరి జవాబూ ఒకటే అయితే 1) చూస్తారు. 0.70 దాటితే టీమ్ సగటు తీయడం వాడుక. మేనేజర్ల జవాబులు విడిగా పెట్టాలి, నాయకత్వం మీద ప్రశ్నలకు వాళ్లు తమకు తామే మార్కులు వేసుకుంటున్నట్టు లెక్క. ఐదుగురికంటే తక్కువ ఉన్న టీమ్ ఫలితాన్ని అసలు బయటపెట్టకూడదు. ఎవరు ఏం రాశారో ఇట్టే తెలిసిపోతుంది, మరుసటిసారి అందరూ 5లే పెడతారు.

అంశానికి మూడు చొప్పున 21 ప్రశ్నల పొట్టి రూపం కూడా ఉంది. ఏటా కొలిచేవాళ్లకు అదే నయం. మొదటిసారి మాత్రం మొత్తం 43 అడగాలి, లోపం ఎక్కడుందో విడివిడి ప్రశ్నల్లోనే బయటపడుతుంది.