మ్యూజికల్ టికెట్లు కొంటున్నారా? రీసేల్ సైట్లతో జాగ్రత్త

యూకేలో ఉంటున్న మనవాళ్లు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను షోకి తీసుకెళ్దామనుకునేవాళ్లు దయచేసి ఇది చదవండి. ఒక టికెట్ రీసేల్ సైట్‌ను, అంటే వేరేవాళ్లు కొన్న టికెట్లను మళ్లీ అమ్మే సైట్‌ను నమ్మి నేను 200 పౌండ్ల పైనే పోగొట్టుకున్నాను. డబ్బు కంటే ఆ సాయంత్రం అమ్మ మొహం చిన్నబోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

2025లో మే 29 నుంచి జూన్ 21 దాకా మాంచెస్టర్ ఒపేరా హౌస్‌లో 'కమ్ ఫాల్ ఇన్ లవ్' అనే మ్యూజికల్, అంటే పాటలతో నడిచే నాటకం ఆడింది. 1995 నాటి 'దిల్‌వాలే దుల్హనియా లే జాయేంగే'ని, ఆ సినిమా తీసిన ఆదిత్య చోప్రానే ఇంగ్లీషులో స్టేజి మీదికి తెచ్చారు. అమ్మ సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగింది. హిందీ బాగా వచ్చు, ఆ సినిమా పాటలన్నీ నోటికొచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా దగ్గరికి వచ్చింది. ఇంకేం ఆలోచిస్తాను? గూగుల్‌లో వెతికి, అన్నిటికంటే పైన కనిపించిన లింక్ నొక్కేశాను. అది డబ్బిచ్చి పెట్టించుకున్న ప్రకటన అని గమనించలేదు. థియేటర్ పేరు పెద్దగా కనబడేసరికి వాళ్ల సైటే అనుకున్నాను.

పేజీలో ఆ సినిమాలోని ఆవాల చేను బొమ్మ, దాని కింద మీకిష్టమైన పాటలన్నీ స్టేజి మీద అని ఒక లైను. పక్కనే ఎర్రగా వెనక్కి లెక్కపెడుతున్న గడియారం, ఇంకా 2 సీట్లే ఉన్నాయని. ఆ టెన్షన్‌లో రెండూ కొనేశాను. ఒక్కోటి 92 పౌండ్లు, చివర్లో సర్వీస్ ఫీజు వేరే. సీటు నంబర్లు తర్వాత మెయిల్ చేస్తామన్నారు. నేను ఆగాల్సింది అక్కడే.

టికెట్లు షో రోజు మధ్యాహ్నం వచ్చాయి. వాటి మీద ఎవరిదో వేరే పేరు. అచ్చయిన ధర 34 పౌండ్లు. కింద చిన్న అక్షరాల్లో రిస్ట్రిక్టెడ్ వ్యూ, అంటే స్టేజి పూర్తిగా కనబడదని ఉంది. కొన్నప్పుడు ఈ మాట ఎక్కడా చెప్పలేదు. పై అంతస్తులో కూర్చుంటే ముందున్న ఇనుప రెయిలింగ్ సరిగ్గా స్టేజికి అడ్డం. అమ్మ ముందుకు వంగి చూస్తుంటే థియేటర్‌లో పనిచేసే అమ్మాయి వచ్చి, వెనకవాళ్లకు కనబడదు, ఆనుకుని కూర్చోండి అని మెల్లగా చెప్పింది. ఇంటర్వెల్‌లో అమ్మ, "మన పాటలు రెండో సగంలో ఉంటాయేమోలేరా" అంది. రెండో సగంలోనూ రాలేదు.

నాటకం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. విశాల్-శేఖర్ ట్యూన్లు, నెల్ బెంజమిన్ ఇంగ్లీషు సాహిత్యం, పాటలన్నీ కొత్తవి. సినిమా హీరో రాజ్ స్థానంలో రోజర్ అనే తెల్ల అబ్బాయి. ఇవన్నీ నిర్మాతలు ముందే బహిరంగంగా చెప్పిన సంగతులే. లేని పాటలు ఉన్నాయని చెప్పింది నాకు టికెట్లు అమ్మినవాళ్లు.

తర్వాత కూర్చుని చదివితే తెలిసింది, ఇంగ్లీషు కాని భాషల సినిమాలు స్టేజికి వచ్చినప్పుడు ఇది మామూలేనట. ఫ్రెంచి సినిమా 'అమేలీ' అంటే చాలామందికి యాన్ టియర్సన్ అకార్డియన్, పియానో సంగీతమే గుర్తొస్తుంది. మ్యూజికల్‌లో అది లేదు, పాటలకు డేనియల్ మెస్సే కొత్తగా సంగీతం కట్టారు. ఇటలీ దర్శకుడు ఫెల్లినీ సినిమా 'నైట్స్ ఆఫ్ కబీరియా'లో రోమ్ వీధుల్లోని వేశ్య, 1966లో 'స్వీట్ చారిటీ' మ్యూజికల్‌కి వచ్చేసరికి న్యూయార్క్ డాన్స్ హాల్‌లో పనిచేసే అమ్మాయి అయిపోయింది. 2018లో 10 టోనీ అవార్డులు (అమెరికా నాటకరంగ అవార్డులు) గెలిచిన 'ద బ్యాండ్స్ విజిట్' కూడా ఇజ్రాయెల్ సినిమా నుంచే వచ్చింది, అందులో పాటలు డేవిడ్ యాజ్‌బెక్ రాశారు. స్టేజి మీద పాత్ర మనసులో మాటంతా పాటలోనే చెప్పాలి కాబట్టి మళ్లీ రాసుకుంటారు. అందులో తప్పేం లేదు. కాకపోతే సినిమా పేరు చూసి మాత్రం కొనకండి. ఏ భాషలో ఉంది, సంగీతం ఎవరిది, సినిమా పాటలున్నాయా అనేది థియేటర్ సొంత సైట్‌లో చూసుకోండి, లేదా థియేటర్ టికెట్ కౌంటర్‌కి (బాక్సాఫీసు) ఫోన్ చేసి అడగండి. టికెట్ కూడా అక్కడే కొనండి.

ఇక డబ్బు సంగతి. 14 రోజుల్లో వాపసు హక్కు ఉంటుందనుకున్నాను. ఫలానా తేదీన జరిగే షో టికెట్లకు అది వర్తించదు. క్రెడిట్ కార్డుతో కొంటే, అమ్మినవాళ్ల తప్పుకి కార్డు కంపెనీ కూడా బాధ్యత వహించే సెక్షన్ 75 రక్షణ ఉందిగా అంటే, ఒక్కో వస్తువు ధర 100 పౌండ్లు దాటాలట, నావి 92. అయితే 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం రీసేల్‌లో అమ్మేటప్పుడు వరస, సీటు నంబరు, అసలు ధర కొనేవాళ్లకు ముందే చెప్పాలి. నాకు ఇందులో ఒక్కటీ చెప్పలేదు. అదృష్టవశాత్తూ ఆ పేజీ స్క్రీన్‌షాట్ నా ఫోన్‌లో ఉంది. అమ్మకి చూపించడానికి తీసుకున్నది. దాంతోపాటు టికెట్ల ఫోటోలు కూడా పెట్టి బ్యాంకులో చార్జ్‌బ్యాక్ వేశాను, అంటే కార్డుతో కట్టిన డబ్బు అమ్మినవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి ఇప్పించమని అడిగాను. మీరూ ఇలాగే ఇరుక్కుని ఉంటే, ఆ పేజీ మారిపోకముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.