పిల్లల ఫోమ్ లైఫ్ జాకెట్ (15–30 కిలోలు): పడవలో గాలం వేయించడానికి పనికొస్తుందా?

పిల్లల్ని తెడ్డు పడవ ఎక్కించి కృష్ణలో గాలం వేయడం నేర్పాలంటే ముందు కొనాల్సింది గాలపు కర్ర కాదు, లైఫ్ జాకెట్. 2017 నవంబరు 12న విజయవాడ శివార్లలోని పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. ఆ ప్రయాణికులకు జాకెట్లు లేవు. విజయవాడలో ఈ మాట ఎవరికీ కొత్త కాదు, అయినా పిల్లల జాకెట్ దగ్గరే బేరాలాడతాం.

ఇక్కడ చూస్తున్నది పదహారు వందల రూపాయల నారింజ రంగు ఫోమ్ జాకెట్. ఐదేళ్ళ పాపకు వేసి ముందు ఈత కొలనులో, తర్వాత ప్రకాశం బ్యారేజీకి బాగా ఎగువన నిలకడ నీళ్ళలో పరీక్షించాం. కొనొచ్చు. కాకపోతే ఒక చిన్న మరమ్మతు చేయించాలి.

దీనిలో మెచ్చుకోవాల్సింది మెడ వెనక ఉన్న దిండు లాంటి కాలర్. పాపను బోర్లా వదిలితే రెండు మూడు క్షణాల్లో వెల్లకిలా తిప్పి, నోరు నీళ్ళకు పైన ఉంచింది. లేబుల్ మీద 100 న్యూటన్లు (తేల్చే బలానికి కొలత) అని ఉన్న రకం చేసే పని ఇదే. 50 అని ఉన్నవి ఈత వచ్చినవాళ్ళకు ఆసరా మాత్రమే, ముఖాన్ని పైకి తిప్పుతాయన్న భరోసా లేదు. గాలి నింపే రకాలు చిన్నపిల్లలకు వద్దే వద్దు.

సైజు దగ్గరే చాలామంది తప్పు చేస్తారు. వచ్చే ఏడాదికీ పనికొస్తుందని స్కూలు యూనిఫాం కొన్నట్టు ఒక సైజు పెద్దది తీసుకుంటారు. పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వస్తే అది వదులు. నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ తేలుతుంది, బిడ్డ కిందికి జారిపోతుంది.

లోపం కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీలో ఉంది. నైలాన్ నునుపు ఎక్కువ కాబట్టి తడిస్తే బకిల్‌లోంచి కొద్దికొద్దిగా జారుతోంది. పట్టీ కొసను బకిల్‌లోంచి ఇంకోసారి వెనక్కి తీసి, చివర మడిచి చెప్పులు కుట్టే అతనితో కుట్టిస్తే ఆగిపోతుంది. ఫోమ్ ఉన్న భాగంలోకి మాత్రం సూది దిగనివ్వొద్దు.

గాలం వేసేటప్పుడు చేతులు పైకి ఎత్తడం ఈ జాకెట్‌తో కష్టం. తలమీదుగా విసరడం నేర్పకండి. నాలుగడుగుల కర్ర దారానికి బెండు కట్టి పడవ పక్కనే వదిలితే చాలు, ఎర్రలకు చిన్న చేపలు బాగానే పడతాయి. గాలం కొస దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును ముందే పట్టకారుతో నొక్కేయండి. గుడ్డకు గానీ వేలికి గానీ గుచ్చుకున్నా సులువుగా వెనక్కి వస్తుంది. జెల్ల పడితే పిల్లల చేతికి ఇవ్వొద్దు, వీపు మీదా రెండు పక్కలా ముళ్ళుంటాయి. తడి తువ్వాలుతో పెద్దవాళ్ళే పట్టి తీయాలి.

వెనక అంచు ఉన్న టోపీ కాలర్‌కు తగిలి కళ్ళమీదకు జారుతుంది. ముందు మాత్రమే అంచున్న టోపీ పెట్టండి. ఫోమ్ లోపల ఉక్క ఎక్కువ కాబట్టి నూలు బనీను మీద వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిదిన్నర దాటాక పిల్లల్ని నీళ్ళమీద ఉంచొద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి.

పాపను పడవ మధ్యలో, అడుగున కూర్చోబెట్టండి. పడిపోతుందన్న భయంతో జాకెట్ పిడికి తాడు కట్టి పడవకు ముడివేసేవాళ్ళున్నారు. పడవ బోల్తా పడితే ఆ తాడే బిడ్డను దాని కింద బిగించేస్తుంది. ఆ పిడి మనం పట్టుకుని పైకి లాగడానికే.

ఇంకొకటి, జాకెట్ తేలుస్తుంది కానీ ప్రవాహాన్ని ఆపదు. 2024 సెప్టెంబరు వరదలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినప్పుడు కొట్టుకొచ్చిన భారీ పడవలే బ్యారేజీ గేట్లను గుద్దాయి. గేట్లు ఎత్తిన రోజు ఏ జాకెట్ వేసినా నదిలోకి దిగొద్దు.

వాడాక మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరేయండి. ఎండలో వదిలేస్తే గుడ్డ, కుట్లు పెళుసెక్కుతాయి. దానిమీద కూర్చుంటే ఫోమ్ అణిగి తేలే గుణం తగ్గుతుంది, పడవలో దిండుగా వాడకండి. ఏడాదికోసారి కొలనులో మళ్ళీ తేల్చి చూడండి. పాప 30 కిలోలు దాటిన రోజు దీన్ని పక్కన పెట్టి పై సైజు కొనాలి.