జెమ్5 సిమ్యులేటర్: మల్టీకోర్ పాఠానికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

కంప్యూటర్ ఆర్కిటెక్చర్ చెప్పే అధ్యాపకులకు కాష్ కొహెరెన్స్ (ఒక్కో కోరు దగ్గరుండే చిన్న, వేగమైన మెమరీలైన కాష్‌లలో ఒకే డేటా ప్రతులు తేడా రాకుండా చూడటం) పాఠం ఎప్పుడూ ఒక చిక్కే. అందుకు వాడే మెసీ ప్రోటోకాల్‌లో కాష్‌లోని డేటాకు ఉండే నాలుగు స్థితులను బల్లపై గీసి చూపగలం, విద్యార్థులు వాటిని పరీక్షలో తిరిగి గీయగలరు. కానీ తాము పీథ్రెడ్స్ (ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో నడిచే థ్రెడ్లను సృష్టించే లైబ్రరీ)తో రాసిన ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు ఆ స్థితులు ఎలా మారుతున్నాయో మామూలు ల్యాప్‌టాప్ చూపదు. ఆ లోటు తీర్చుకోవడానికి విజయనగరంలోని మా ల్యాబులో కంప్యూటర్ పనితీరును సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించే జెమ్5 వాడుతున్నాం. ఇటు శ్రీకాకుళం వైపు కళాశాలల్లోనూ దీన్ని మొదలుపెట్టాలనుకునేవారి కోసం ఈ సమీక్ష.

మిషిగన్ విశ్వవిద్యాలయపు ఎం5, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయపు జెమ్స్ కలిసి 2011లో జెమ్5గా రూపొందాయి. ఇది ఉచితం, ఓపెన్ సోర్స్. ఎక్స్86, ఆర్మ్, రిస్క్-ఫైవ్ వంటి ఆర్కిటెక్చర్లను అనుకరిస్తుంది. కోర్ల సంఖ్య, కాష్ పరిమాణం వంటివి పైథాన్ స్క్రిప్టులో మనమే నిర్ణయించవచ్చు. కొహెరెన్స్ ప్రోటోకాల్ మాత్రం జెమ్5ను కంపైల్ చేసేటప్పుడు చేర్చినదై ఉండాలి.

దీని అసలు విలువ ఫాల్స్ షేరింగ్ ప్రయోగంలో తెలుస్తుంది. రెండు థ్రెడ్లు, ఒక్కొక్కదానికి ఒక్కో కౌంటరు. ఏ థ్రెడ్డూ రెండోదాని కౌంటరు జోలికి పోదు. అయినా ఆ రెండు కౌంటర్లూ 64 బైట్ల ఒకే కాష్ లైనులో (కాష్‌లోకి ఒకేసారి వచ్చే మెమరీ ముక్కలో) పక్కపక్కన ఉంటే, ఇద్దరు పిల్లలు ఒకే పలకపై చెరో మూల రాసుకుంటూ, రాయాల్సిన ప్రతిసారీ పలకను తమ ఒళ్లోకి లాక్కున్నట్టు, ఆ లైను ఒక కోరు కాష్ నుంచి మరో కోరు కాష్‌కు తిరుగుతూనే ఉంటుంది. కౌంటర్ల మధ్య 64 బైట్ల ఎడం పెట్టి మళ్లీ నడిపితే, జెమ్5 రాసే స్టాట్స్ ఫైలులో ఎల్1 మిస్సుల (కోరుకు అతి దగ్గరి కాష్‌లో కావలసింది దొరకని సందర్భాల) సంఖ్య ఒక్కసారిగా పడిపోవడం విద్యార్థి కంటికి కనబడుతుంది. కంపైలర్ కౌంటరును రిజిస్టరులోనే ఉంచేయకుండా దాన్ని వోలటైల్‌గా (ప్రతిసారీ మెమరీలోనే చదివి రాసేలా) ప్రకటించాలి, లేకపోతే చూడటానికి ఏమీ మిగలదు. పైగా, ఒకే ప్రోగ్రామును ఒకే అమరికతో ఎన్నిసార్లు నడిపినా అవే అంకెలు వస్తాయి. నిజమైన యంత్రం ఈ సౌలభ్యం ఇవ్వదు.

ఇక లోపాలు. జెమ్5లో రెండు విధానాలున్నాయి. సిస్టమ్ కాల్ ఎమ్యులేషన్ (ఎస్ఈ) విధానంలో ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే ప్రోగ్రాము నడుస్తుంది, అందువల్ల తరగతికి ఇదే సుళువు. కానీ అక్కడ థ్రెడ్లను వంతులవారీగా నడిపే షెడ్యూలరు లేదు. ఒక్కో థ్రెడ్డుకు ఒక్కో కోరు ఉండి తీరాలి. ప్రోగ్రాము మొదలయ్యే మెయిన్ కూడా ఒక థ్రెడ్డే కనుక నాలుగు వర్కర్లు కావాలంటే అయిదు కోర్లు పెట్టాలి. చాలకపోతే థ్రెడ్డును సృష్టించే పీథ్రెడ్ క్రియేట్ విఫలమవుతుంది. అది తిరిగిచ్చే విలువను మన పిల్లలు ఎలాగూ సరిచూడరు కనుక, ప్రోగ్రాము ఎందుకు తప్పుదారి పట్టిందో వారికి అంతు చిక్కదు. ఫుల్ సిస్టమ్ విధానంలో లైనక్స్ ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది లేదు, అయితే ఆ లైనక్స్ బూటయ్యేదాకా ఓపిక పట్టాలి.

వేగం సంగతి ముందే చెప్పుకోవాలి. వివరమైన ఓ3 కోరు నమూనాతో (ఆదేశాలను వరుస తప్పించి నడిపే కోరును అనుకరించేది) నడిపితే అసలు యంత్రం ఒక్క సెకనులో ముగించే పనికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే లూపులను చిన్నవిగా ఉంచి, కొలవదలచిన భాగానికి ముందు గణాంకాలను సున్నా చేసే ఎం5 ఆదేశాలను ప్రోగ్రాములోనే పెట్టించాలి. వేసవి సాయంత్రాల ఈదురుగాలులకు కరెంటు పోయే మన ఊళ్లలో, అప్పటి స్థితిని దాచుకుని అక్కడి నుంచే మళ్లీ మొదలుపెట్టనిచ్చే చెక్‌పాయింట్ సదుపాయం నిజంగా ఆదుకుంటుంది. అయితే జెమ్5లోని క్లాసిక్ అనే కాష్ నమూనాతో తీసిన చెక్‌పాయింట్‌లో కాష్ సమాచారం నిలవదు కనుక, తిరిగి మొదలుపెట్టాక కాష్‌లు నిండేదాకా వచ్చే అంకెలను లెక్కలోకి తీసుకోకూడదు.

ఇంటర్నెట్‌లో దొరికే పాత పాఠాలు ఎక్కువగా ఎస్ఈ అనే ఉదాహరణ స్క్రిప్టు చుట్టూ రాసినవి. కొత్త విడుదలల్లో దాన్ని పక్కన పెట్టి, సిద్ధంగా ఉన్న భాగాలతో యంత్రాన్ని కూర్చుకునే జెమ్5 స్టాండర్డ్ లైబ్రరీనే వాడమంటున్నారు. కొత్తగా మొదలుపెట్టేవారు నేరుగా దానితోనే ప్రారంభించడం మేలు.

ఎనిమిది జీబీ ల్యాప్‌టాప్‌పై దీన్ని కంపైల్ చేయడం యాతన. చివర, కంపైలైన ముక్కలన్నిటినీ కలిపే లింకింగ్ దశలో మెమరీ చాలక ఆగిపోతుంది. దానికి బదులు ల్యాబులో ఒక సర్వరుపై ఒకసారి కంపైల్ చేసి, విద్యార్థులను దానిలోకి లాగిన్ కమ్మనడం నయం. ఎన్ని కోర్లను అనుకరించినా జెమ్5 మాత్రం మామూలుగా మన యంత్రంలో ఒక్క కోరునే వాడుకుంటుంది కాబట్టి, మెమరీ సరిపడా ఉంటే ఎనిమిది కోర్ల సర్వరుపై ఎనిమిది మంది ఒకేసారి పని చేసుకోవచ్చు.