స్టీమ్, గెలాక్సీ, ప్లేనైట్: ఆటల లైబ్రరీ సర్దుకోవడానికి ఏది మేలు?

కంప్యూటర్ ఆటలన్నీ ఒకే ఆన్‌లైన్ దుకాణంలో కొన్నవారికి ఈ ప్రశ్నే రాదు. చిక్కంతా ఉచితం అనగానే చేయి చాచే మనబోటి వాళ్ళకే. ఎపిక్ స్టోర్ 2018 డిసెంబరు నుంచి ఆటలు ఉచితంగా పంచుతూనే ఉంది. సేల్ రోజుల్లో కొన్నవి స్టీమ్ అనే దుకాణంలో, పాత ఆటలు గాగ్ (GOG) అనే ఇంకో దుకాణంలో. ఏ ఆట ఎక్కడుందో వెతికేసరికి ఆడాలన్న సరదా కాస్తా తీరిపోతుంది. స్టీమ్ సొంత ప్రోగ్రాము, గాగ్ వాళ్ళ గెలాక్సీ, ఏ దుకాణానిదీ కాని ప్లేనైట్: ఆటల లైబ్రరీని చూపే ఈ మూడింటినీ పోల్చి చూద్దాం.

సెట్టింగుల మాట ఎత్తగానే చాలామంది రంగులు, బొమ్మల దగ్గర మొదలుపెడతారు. నా లెక్కలో అవి ఆఖరుకు. ఇంటర్నెట్టును, ర్యామ్‌ను, ఇంట్లోవాళ్ళ సహనాన్ని కాపాడే సెట్టింగులు ఎవరి దగ్గర ఎక్కువ ఉన్నాయన్నదే అసలు విషయం.

ఆ పరీక్షలో స్టీమ్ బాగానే నెగ్గుతుంది. డౌన్‌లోడ్ల విభాగంలో అప్‌డేట్లు ఏ వేళల్లో జరగాలో చెప్పవచ్చు, వేగానికి పరిమితి పెట్టవచ్చు. గుంటూరులో మా ఇంట్లో ఒకే కనెక్షన్ మీద సీరియలూ నడవాలి, ఇంటర్ పిల్లల ఆన్‌లైన్ పాఠాలూ నడవాలి. అందుకే అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా అని పెట్టాను. ఎప్పుడో ఒకసారి ఆడే పెద్ద ఆటలకు విడిగా, తెరిచినప్పుడే అప్‌డేట్ చేయమని చెప్పుకోవచ్చు. కంప్యూటర్ ఆన్ కాగానే స్టీమ్ లేచి కూర్చోకుండా ఆపడం, తెరిస్తే దుకాణం బదులు లైబ్రరీ కనిపించేలా మార్చడం ఇంటర్‌ఫేస్ విభాగంలో పని. పాత కంప్యూటరైతే లైబ్రరీ విభాగంలో కంప్యూటర్ మీదా ఇంటర్నెట్టు మీదా భారం తగ్గించే లో పెర్ఫార్మెన్స్ మోడ్, లో బ్యాండ్‌విడ్త్ మోడ్ రెండూ ఆన్ చేయండి.

2023లో వచ్చిన లోకల్ నెట్‌వర్క్ బదిలీ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. విజయవాడ పటమటలో ఉండే మా బాబాయి కొడుకు సెలవులకు ల్యాప్‌టాప్‌తో దిగాడు. "అన్నయ్యా, ఆ ఆట పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వవా?" అన్నాడు. పెన్‌డ్రైవ్ అక్కర్లేదు. ఇద్దరికీ ఆ ఆట ఉండి, రెండు యంత్రాల్లోనూ స్టీమ్ తెరిచి, ఒకే రూటరుకు కలిపితే చాలు. ఫైళ్ళు ఇంటర్నెట్ నుంచి కాకుండా పక్క యంత్రం నుంచే వస్తాయి. సొంత ఖాతాకు మాత్రమేనా, మిత్రులకా, అందరికా అన్నది ముందు సెట్టింగుల్లో ఎంచుకోవాలి. చాలామంది అక్కడే ఆగిపోతారు.

స్టీమ్ లోటల్లా పరాయి దుకాణాలను పట్టించుకోకపోవడం. బయటి ఆటను చేత్తో చేర్చుకోవచ్చు గానీ, ఆ ఓపిక రెండు మూడు ఆటలకే.

ఆ లోటు తీరుస్తానంటూ గాగ్ గెలాక్సీ రెండో వెర్షన్ 2019లో వచ్చింది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, మొదలుపెట్టడం తేలిక. అయితే చాలా దుకాణాలతో కలిపే ప్లగిన్లు (జోడించుకునే చిన్న ప్రోగ్రాములు) ఔత్సాహికులు రాసినవి. అవతలి దుకాణం ఏదో మారిస్తే ఇక్కడ లింకు తెగుతుంది, మళ్ళీ లాగిన్ కావాలి. మార్చుకోవడానికి ఉన్నదీ తక్కువే. గాగ్‌లోనే ఎక్కువ ఆటలున్నవారికి తప్ప నేను సిఫారసు చేయను.

ప్లేనైట్ తీరు వేరు. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌కు మాత్రమే. ప్రత్యేకంగా ఖాతా అడగదు, వివరాలన్నీ మీ డిస్కులోనే ఉంటాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే పోర్టబుల్ పద్ధతి (అన్నీ ఒకే ఫోల్డరులో ఉండేది) ఎంచుకుని రెండో డ్రైవులో పెడితే, విండోస్ మళ్ళీ వేసినా సర్దుకున్నదంతా భద్రం. థీములు, ఎక్స్‌టెన్షన్లు బోలెడు. నాకు నచ్చినవి మాత్రం ఫిల్టర్ ప్రీసెట్లు, అంటే పేరు పెట్టి దాచుకునే వడపోతలు. ఏ దుకాణానివైనా సరే, ఇన్‌స్టాల్ అయి ఉండి ఒక్కసారీ తెరవని ఆటల్ని వడకట్టి, ఆ వరసకు "మొహమాటానికి తీసుకున్నవి" అని తెలుగులోనే పేరు పెట్టుకున్నాను. ఆట మూయగానే దాని దుకాణం క్లయింటును (స్టీమ్, ఎపిక్ లాంటి ప్రోగ్రామును) కూడా మూసేసే సెట్టింగు ఇంకో వరం. ఎనిమిది జీబీల ర్యామ్ ఉన్నవారికి తేడా తెలుస్తుంది.

ఒక సంగతి మరవకూడదు: ప్లేనైట్ ఆట తెరిచినా వెనకాల స్టీమో ఎపిక్కో నడవాల్సిందే. అప్‌డేట్ల వేళలూ వాటిలోనే పెట్టుకోవాలి. పైగా సెట్టింగుల చిట్టా చాంతాడంత. కవరు బొమ్మలు సరిచేస్తూ ఆదివారమంతా గడిపేసేవారు ఉన్నారు, వాళ్ళకు అదే ఆట.

మీ ఆటల్లో ముప్పాతిక వంతు స్టీమ్‌లోనే ఉంటే పైన చెప్పిన మార్పులు చేసి ఊరుకోండి. మూడు దుకాణాలకు చెదిరిపోయి ఉంటే ప్లేనైట్ వేసుకోండి, కానీ స్టీమ్ డౌన్‌లోడ్ వేళలు సర్దిన తరవాతే.