సాన్ జాన్ కార్యాలయం ఇచ్చే 34 మజిలీల కాగితం: తొలిసారి నడిచేవారి కోసం ఒక సమీక్ష

ఫ్రాన్సు దక్షిణ సరిహద్దున, పిరనీస్ కొండల పాదాన సాన్ జాన్ పియె ద పోర్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి సిటడెల్ వీధిలో 39వ నంబరు భవనం యాత్రికుల కార్యాలయం. స్పెయిన్ వాయవ్య మూలన ఉన్న సాంటియాగో ద కంపోస్టెలా అనే క్రైస్తవ పుణ్యక్షేత్రం దాకా, అంటే దాదాపు 780 కిలోమీటర్లు, కాలినడకన వెళ్లబోయేవారికి ఆ కార్యాలయంలోని స్వచ్ఛంద సేవకులు దారిలో ముద్రలు వేయించుకునే క్రెడెన్షియల్ అనే యాత్రా పత్రం ఇస్తారు, దానితో పాటు ఒక కాగితం ఉచితంగా ఇస్తారు. మార్గమంతటినీ 34 మజిలీలుగా విడగొట్టి, ఒక్కో మజిలీలో నేల ఎక్కడ ఎంత ఎత్తుకు లేచి ఎక్కడ దిగుతుందో గీతలుగా గీసి, దారిలో వచ్చే ఊళ్ల పేర్లు, దూరాలు వేసిన కాగితం అది. నేనూ నా భార్యా యాభై దాటిన వయసులో, అంతకు ముందు తిరుమల మెట్లు తప్ప మరే పాదయాత్రా చేయని అనుభవంతో, ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని 41 రోజుల్లో సాంటియాగో చేరాము. దారి పొడుగునా రోజుకు పదిసార్లు తీసి చూసిన వస్తువు కాబట్టి, దాని గురించి వివరంగా రాయడం అవసరమనిపించింది.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. ఎత్తుపల్లాలు తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కాగితం నాకు దొరకలేదు. అయితే దీన్ని దినచర్య పట్టికగా తీసుకుని, ఏ రోజు ఏ ఊళ్లో పడుకోవాలో ఇదే నిర్ణయిస్తుందని భావించేవారు ఇబ్బంది పడతారు. మొదటి వారం మేము చేసిన పొరపాటు అదే, అది పూర్తిగా మా పొరపాటే.

కాగితం విలువ మొదటి గీతలోనే తెలుస్తుంది. సాన్ జాన్ సముద్రమట్టానికి సుమారు 170 మీటర్ల ఎత్తున ఉంటే, స్పెయిన్‌లోకి దిగేముందు దాటవలసిన లెపోదెర్ కనుమ 1,400 మీటర్ల పైన ఉంది. అక్కడి నుంచి దాదాపు 950 మీటర్ల ఎత్తున ఉన్న రోన్సెస్‌వాయెస్ మఠానికి దిగాలి. మొత్తం దూరం 25 కిలోమీటర్లని విన్నప్పుడు, ఇంటి దగ్గర రోజూ పది కిలోమీటర్లు నడిచి అలవాటు చేసుకున్న నాకు అది పెద్ద కష్టమనిపించలేదు. గీత చూశాక గాని అసలు సంగతి అర్థం కాలేదు. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటుంది: చదునుగా ఉంటే గంటకు సుమారు ఐదు కిలోమీటర్లు, దానికి తోడు ఎక్కిన ప్రతి 600 మీటర్లకు మరో గంట. వీపున ఏడు కిలోల సంచీతో మా నడక గంటకు నాలుగు కిలోమీటర్లే కాబట్టి, ఆ ప్రకారం వేస్తే మొదటి రోజుకు ఎనిమిది గంటలు దాటింది. విశ్రాంతికి, భోజనానికి పట్టే సమయం ఇందులో లేదు. కాగితం మీది ప్రతి గీతకూ ఇలాగే లెక్క వేసుకుని, దూరం పక్కన గంటలు పెన్నుతో రాసుకోమని కొత్తవారికి గట్టిగా చెబుతాను.

కార్యాలయంలో మాకు కాగితం ఇచ్చిన పెద్దావిడ మా ఇద్దరినీ, మా సంచులనూ ఒకసారి చూసి, మొదటి మజిలీ గీతలో దాదాపు ఎనిమిదో కిలోమీటరు దగ్గర వేలు పెట్టి "ఒరిసోన్" అన్నారు. సుమారు 800 మీటర్ల ఎత్తున ఉన్న ఆ బసలో ఆ రాత్రి ఆగి, మిగిలిన 17 కిలోమీటర్లు మర్నాడు నడవమని ఆవిడ సలహా. అదృష్టవశాత్తు మాకు అక్కడ రెండు పడకలు ముందే కుదిరాయి. ఒరిసోన్ తర్వాత రోన్సెస్‌వాయెస్ దాకా ఊరన్నది లేదు కనుక, పడక ముందుగా మాట్లాడుకోకుండా అక్కడ ఆగవచ్చులే అనుకోవడం ప్రమాదకరం. నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు ఆ కొండదారి మూసి ఉంటుంది. ఆ నెలల్లో లోయ వెంట వాల్కార్లోస్ మీదుగానే వెళ్లాలి. తెరిచి ఉండే నెలల్లో కూడా వాతావరణం చూసి ఏ దారిన వెళ్లాలో ఆ కార్యాలయంలోనే చెబుతారు. కాగితం ఎంత మంచిదైనా, దాన్ని చేతికిస్తూ వారు చెప్పే ఆ రెండు నిమిషాల మాటలు దానికంటే విలువైనవి. వరుసలో నిలబడి విసిగి, కాగితం తీసుకుని వెంటనే వెళ్లిపోకండి.

ఇబ్బంది మాకు ఏడో మజిలీలో వచ్చింది. కాగితం లోస్ ఆర్కోస్ నుంచి లోగ్రోన్యోకు ఒక రోజు, లోగ్రోన్యో నుంచి నాహెరాకు మరో రోజు చూపుతుంది. మొదటిది దాదాపు 28 కిలోమీటర్లు, రెండోది దాదాపు 29. గీతలు రెండూ పెద్దగా ఎగుడుదిగుడు లేకుండా కనిపించేసరికి, కొండలు దాటిన మాకు ఇదేం లెక్క అనుకున్నాము. వారం రోజులు వరుసగా నడిచిన కాళ్లకు చదును నేల మీద కూడా 28 కిలోమీటర్లు ఎక్కువేనని మధ్యాహ్నం మూడు గంటలకు, లోగ్రోన్యో ఇంకా కనుచూపు మేరలో లేనప్పుడు తెలిసింది. నా భార్య రెండు మడమలూ బొబ్బలెక్కాయి. ఆ పట్టణంలో రెండు రోజులు ఆగవలసి వచ్చింది. అదే కాగితం మీద, ఆ రెండు గీతల్లోనే వియానా, నవరెత్తె అనే ఊళ్ల పేర్లు ఉన్నాయి. వియానా దాకా 18, అక్కడి నుంచి నవరెత్తె దాకా 22, అక్కడి నుంచి నాహెరా దాకా 17 కిలోమీటర్లుగా మూడు రోజులు నడిచి ఉంటే ఆ రెండు రోజుల విశ్రాంతి అవసరమయ్యేది కాదు. మజిలీ చివర పెద్ద అక్షరాల ఊరి మీదే చూపు నిలిపి, మధ్యనున్న చిన్న ఊళ్లను మేము చదవలేదు.

ఆ తర్వాత మా పద్ధతి మార్చుకున్నాము. మన పెద్దలు మజిలీ అంటే ఇంత దూరమని కొలిచి నిర్ణయించేవారు కాదు, నీళ్లు, నీడ, వండుకునే చోటు ఎక్కడ దొరికితే అక్కడ దిగేవారు. మేమూ అలాగే చేశాము. ప్రతి సాయంత్రం కాగితం విప్పి, మర్నాటికి 15 కిలోమీటర్ల దగ్గర ఒక ఊరు, 20 దగ్గర ఒక ఊరు గుర్తుపెట్టుకునేవాళ్లం. మొదటి ఊరు చేరేసరికి ఒంట్లో ఓపిక ఉంటే రెండోదానికి నడక, లేకపోతే అక్కడే ఆగడం. దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. వాడుకలో ఉన్న మార్గదర్శికలు చాలావరకు అవే ఊళ్ల దగ్గర మజిలీలు ముగిస్తాయి కాబట్టి నడిచేవారిలో ఎక్కువమంది అక్కడే దిగుతారు, పడకల కోసం పోటీ అక్కడే ఎక్కువ. పురపాలక అల్బెర్గేలు, అంటే యాత్రికుల బసలు, సాధారణంగా ముందుగా మాట్లాడుకోవడానికి వీల్లేనివి. ముందు వచ్చినవారికే పడక. మధ్య ఊళ్లలో మాకు ఆ తొందర లేకపోయింది.

ఇలా స్వేచ్ఛగా విడగొట్టుకోవడం కుదరని చోట్లు కూడా ఉన్నాయి, వాటిని కాగితం స్పష్టంగా చూపుతుంది. మెసెటా పీఠభూమిలో కరియోన్ ద లోస్ కోందెస్ దాటాక 17 కిలోమీటర్ల దూరం ఒక్క ఊరూ రాదు. చెట్టునీడ కూడా అంతంత మాత్రమే. కాల్సదియా ద లా క్వెసా వచ్చేదాకా నడవవలసిందే కనుక, ముందు రాత్రి తప్పనిసరిగా కరియోన్‌లో ఉండి, నీళ్లు నింపుకుని తెల్లవారకముందే బయలుదేరాలి. గీత అక్కడ దాదాపు చదునుగా ఉంటుంది. మొత్తం కాగితంలో ఊరి పేరు లేని ఆ ఖాళీయే అసలు హెచ్చరిక. ఓ సెబ్రెయిరో అనే కొండమీది ఊరి విషయంలో మాత్రం మేము ముందే జాగ్రత్తపడ్డాము. వియాఫ్రాంకా నుంచి 28 కిలోమీటర్ల ఆ మజిలీలో కఠినమైన ఎక్కుడంతా చివరి ఎనిమిది కిలోమీటర్లలోనే ఉంది. అలసిన కాళ్లతో మధ్యాహ్నపు ఎండలో అది ఎక్కేకంటే, కింద లాస్ ఎర్రెరియాస్‌లో పడుకుని చల్లని వేకువన ఎక్కడం ఎంతో మేలు. 1,300 మీటర్ల ఎత్తున ఉన్న ఆ కొండమీది ఊరి పూజారి ఎలియాస్ వాలిన్యాయే 1980లలో దారి పొడుగునా పసుపురంగు బాణాలు వేయించారు. ఈనాటికీ యాత్రికులకు దారి చూపేవి అవే. అక్కడికి ఉదయాన్నే, తీరికగా చేరడం వల్ల ఆయన స్మారకం దగ్గర కాసేపు కూర్చోగలిగాము.

ఎక్కుడు కంటే దిగుడు మోకాళ్లకు చేటు అన్న సంగతి కొత్తవారికి ముందుగా తోచదు. సుబిరిలోకి దిగే రాళ్లదారి, దాదాపు 1,500 మీటర్ల ఎత్తునున్న క్రుస్ ద ఫెర్రో శిలువ దాటాక మొలినాసెకా దాకా సుమారు 900 మీటర్ల దిగుడు, ఈ రెండూ గీతలో బాగానే కనిపిస్తాయి. కాళ్లకింద రాయి ఎలాంటిదో గీత చెప్పలేదు. వాన పడితే ఈ రెండు చోట్లా మీ లెక్కకు ఒక గంట కలుపుకోండి.

శాకాహారులకు ప్రత్యేకంగా ఒక మాట. మజిలీ ఎంపికలో మాకు దూరంతో సమానంగా ముఖ్యమైనవి వంటగది, కొట్టు. యాత్రికుల భోజనమని పెట్టే మూడు వరుసల భోజనంలో మాంసమో చేపో లేనిది దొరకడం చిన్న ఊళ్లలో కష్టమే. తోర్తియా అంటే అక్కడ బంగాళదుంపలతో వేసిన గుడ్డట్టు. అందుచేత బియ్యం, పప్పు అక్కడే కొనుక్కుని, ఇంటినుంచి తెచ్చిన కందిపొడి, ఎండు చింతపండుతో వండుకునేవాళ్లం. ఆదివారాలు కొట్లు మూసి ఉంటాయి, మిగిలిన రోజుల్లో కూడా మధ్యాహ్నం కొన్ని గంటలు తెరవరు. సాంటియాగో ఉన్న గలీసియా ప్రాంతంలోని ప్రభుత్వ అల్బెర్గేల్లో వంటగది ఉంటుంది గాని, చాలాచోట్ల గిన్నెలు ఉండవు. ఒక తేలికపాటి గిన్నె సంచిలో ఉంటే ఆ రోజులు గడిచిపోతాయి. ఇలాంటివన్నీ ఎత్తుపల్లాల కాగితంలో వెతకడం న్యాయం కాదు. అల్బెర్గేల జాబితాను కూడా అడిగి తీసుకుని రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవాలి.

చివరి నూరు కిలోమీటర్లలో మజిలీలు చిన్నవిగా పెట్టుకోవడం మంచిది. యాత్ర పూర్తయిందని సాంటియాగోలో ఇచ్చే కంపోస్టెలా ధ్రువపత్రం కావాలంటే ఆ దూరంలో క్రెడెన్షియల్ మీద రోజుకు రెండు ముద్రలు వేయించుకోవాలి. పైగా సాంటియాగోకు దాదాపు 115 కిలోమీటర్ల దూరాన ఉన్న సర్రియా నుంచి కొత్తగా బయలుదేరేవారి రద్దీ కలుస్తుంది.

34 అన్న సంఖ్య చూసి అన్ని రోజులకే సెలవు పెట్టుకునేవారికి చివరి సూచన. 12వ శతాబ్దపు లాటిన్ మార్గదర్శిక ఒకటి పిరనీస్ నుంచి సాంటియాగో దాకా ఇదే దారిని 13 మజిలీల్లో ముగించింది, వాటిలో కొన్ని గుర్రం మీద వెళ్లవలసినవి. కాబట్టి సంఖ్యను పట్టించుకోకుండా, విమాన టికెట్టు తీసుకునేటప్పుడే 34కు కనీసం ఆరు రోజులు కలపండి. సాన్ జాన్‌కు ఒక రోజు ముందే చేరితే ఇంకా మంచిది. బయోన్ నుంచి వచ్చే రైలు దిగిన జనమంతా ఒకేసారి కార్యాలయానికి వస్తారు. ఆ వరుస తగ్గాక వెళితే, మీ కాగితం మీద ఎక్కడ ఆగాలో వేలు పెట్టి చూపించే తీరిక వారికి ఉంటుంది.